వ్రాసిన తెలుగు వెతికేవారికి దొరకాలంటే: శోధన యంత్రాల తీరుతెన్నులు

హోసూరు పక్క పల్లెలో ఒక పెద్దాయన తన ఇంటి ఆడవారు పెండ్లిండ్లలో పాడే పాటలను ఓపికగా వ్రాసి బ్లాగులో పెట్టాడనుకోవచ్చు. అదే వంశంలో మూడు తరాల కిందట బెంగుళూరు చేరిన మరొక కుటుంబం ఉన్నది. ఆ ఇంటి అమ్మాయి తన పెండ్లికి నెల ముందు ఆ పాట కోసమే ఫోనులో వెతికింది. ఆమెకు సినిమా పాటలు దొరికాయి, పెండ్లి మండపాల ప్రకటనలు దొరికాయి, ఆ పాట మాత్రం దొరకలేదు. పాట ఉన్నది, కోరే మనిషి ఉన్నది, నడుమ దారి లేదు.

ఆ దారిని వేసే పనికే ఇంగ్లీషులో సెర్చి ఇంజను ఆప్టిమైజేషను అని పేరు. పొట్టిగా ఎస్.ఇ.ఓ. అంటారు. వ్రాసిన పుటను శోధన యంత్రం చదవగలిగేలా, అర్థం చేసుకోగలిగేలా, తగిన ప్రశ్నకు తగిన జవాబుగా చూపగలిగేలా అమర్చడమే దీని సారాంశం. ఇది పెద్ద కంపెనీల వ్యవహారమని, డబ్బు పెట్టి చేయించుకునే రహస్య విద్య అని ఒక భ్రమ వ్యాపించి ఉన్నది. నిజానికి ఇందులో ముక్కాలు భాగం బడిలో వ్యాసం వ్రాయించేటప్పుడు చెప్పే సంగతులే: విషయానికి తగిన శీర్షిక, స్పష్టమైన మొదటి పేరా, తప్పులేని పేర్లు. మిగిలిన పావు భాగంలో తెలుగుకు, అందులోనూ సరిహద్దు జిల్లాల తెలుగుకు, ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో వచ్చే సలహా పుస్తకాలు వాటిని తాకవు.

యంత్రం చదివే విధానం

ప్రశ్న వేసిన క్షణంలో శోధన యంత్రం ప్రపంచమంతా తిరిగి వెతుకుతుందని చాలామంది తలుస్తారు. అది సరికాదు. వెతుకులాట ముందే జరిగిపోయి ఉంటుంది. యంత్రం తరఫున పనిచేసే ఒక ప్రోగ్రాము రాత్రింబగళ్ళు ఒక పుట నుండి మరొక పుటకు లంకెలు పట్టుకొని ప్రయాణిస్తూ ఉంటుంది. సాలెపురుగు దారం మీద నడిచినట్లు నడుస్తుంది గనుక దానిని స్పైడర్ అని, క్రాలర్ అని పిలుస్తారు. గూగుల్ వారి క్రాలర్ పేరు గూగుల్‌బాట్. అది చదివిన పుటలలోని మాటలన్నిటితో ఒక సూచిక తయారవుతుంది. లావుపాటి పుస్తకం చివర ఫలానా మాట ఫలానా పుటలో ఉన్నదని చెప్పే పదసూచిక వంటిదే అది, పరిమాణంలో మాత్రం ఊహకు అందనిది. ఎవరైనా ప్రశ్న టైపు చేసినప్పుడు యంత్రం ఆ సూచికను మాత్రమే తిరగవేస్తుంది. సూచికకు ఎక్కని పుట ఎంత గొప్పదైనా వెతికేవారి పాలిటికి లేనట్లే.

సూచికలో ఉన్న వేల పుటలలో దేనిని ముందు చూపాలి? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను స్థాపించినప్పుడు ఈ ప్రశ్నకు వారిచ్చిన జవాబు పేజ్‌ర్యాంక్ అనే పద్ధతి. ఒక పుటకు ఇతర పుటలు ఇచ్చే లంకెలను సిఫారసులుగా లెక్కించడం, సిఫారసు చేసినవారి పరపతిని బట్టి దానికి విలువ కట్టడం ఆ పద్ధతి. పల్లెలో పెండ్లి సంబంధం విచారించేవారికి ఇది వింతగా తోచదు. పిల్లవాని ఇంటి గురించి పదిమంది చెప్పవచ్చు. ఊరు గౌరవించే ఒక్క పెద్దమనిషి చెప్పిన మాటకు ఆ పదిమందికన్నా తూకం ఎక్కువ. తరువాతి కాలంలో ఈ లెక్కకు మరెన్నో అంశాలు తోడైనాయి. అయినా ఇతరుల సాక్ష్యం అన్న మూలసూత్రం నేటికీ చెల్లుబాటులోనే ఉన్నది.

రూపం వేరు, సంకేతం వేరు

తెలుగు పుటకు మొదటి గండం లిపి దగ్గరే. కంటికి తెలుగుగా కనిపించేదంతా యంత్రానికి తెలుగు కాదు.

1990లలోను, 2000ల మొదటి భాగంలోను తెలుగు పత్రికల సైట్లు చాలావరకు సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు అతికించబడి ఉండేవి. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి; పైకి కనిపించేది చక్కని తెలుగు. ఆ ఫాంటు కంప్యూటరులో ఉన్నంతవరకు మనిషి చదువుకోగలడు. శోధన యంత్రం బొమ్మను చూడదు, సంకేతాన్ని చూస్తుంది గనుక దానికి దక్కినది గజిబిజి మాత్రమే. అటువంటి పుటలను యూనికోడులోకి మార్చి చూపడానికి పద్మ అనే పరికరాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో అమర్చుకొని చదివిన పాఠకులు నేటికీ ఉన్నారు.

యూనికోడు అనేది ప్రతి భాషలోని ప్రతి అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్యను కేటాయించే ప్రమాణం. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాల గది దక్కింది. 2001లో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడు ఫాంటు ఇండ్లలోకి వచ్చింది. ఆ తరువాత లేఖిని వంటి ఉచిత పరికరాలు, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు వ్రాసే సౌకర్యం, తెలుగు బ్లాగుల వెల్లువ వరుసగా వచ్చాయి. నేడు ఫోనులో టైపు చేసే తెలుగు అంతా యూనికోడే. ఇక గండం గడిచినట్లే అనిపిస్తుంది.

పూర్తిగా గడవలేదు. సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల సావనీర్లు, కులవృత్తుల చరిత్రలు, దేవాలయ కరపత్రాలు, స్మారక సంచికలు నేటికీ చాలాచోట్ల డీటీపీ కేంద్రాలలో పాత ఫాంట్లతోనే కూర్చబడుతున్నాయి. వాటిని పీడీఎఫ్‌గా చేసి సైటులో పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. పరీక్ష చాలా సులభం. పీడీఎఫ్‌లోని ఒక వాక్యాన్ని ఎంచి, కాపీ చేసి, వాట్సాప్ సందేశంలో అతికించి చూడాలి. తెలుగు తెలుగుగానే వస్తే మంచిది. ఇంగ్లీషు గుర్తుల ముద్ద వస్తే యంత్రానికి కూడా దక్కేది ఆ ముద్దే. అప్పుడు డీటీపీ కేంద్రం నుండి మూలప్రతిని తీసుకొని యూనికోడులోకి మార్పించడం, లేదా కూర్చొని తిరిగి టైపు చేయించడం తప్పదు. మార్చిన ప్రతిలో ఒత్తులు, వట్రసుడులు చెదిరే అవకాశం ఉంటుంది. ఒకసారి సరిచూడనిదే పెట్టరాదు.

కాగితాన్ని ఫోటో తీసి పెట్టే అలవాటు దీనికి తమ్ముడు. వంశవృక్షం, శాసనపు నకలు, పెండ్లి పాటల నోటుపుస్తకం ఇవన్నీ బొమ్మలుగా ఎక్కుతున్నాయి. బొమ్మలోని అక్షరాలను యంత్రాలు కొంతవరకు గుర్తిస్తున్నా, చేతివ్రాత తెలుగు విషయంలో దానిని నమ్ముకొని కూర్చోవడం తెలివి కాదు. బొమ్మ కింద దానిలోని పాఠాన్ని టైపు చేయాలి. బొమ్మను ఎక్కించేటప్పుడు ఆల్ట్ టెక్స్ట్ అనే గడి ఒకటి కనబడుతుంది. బొమ్మలో ఏమున్నదో అందులో ఒక వాక్యంలో చెప్పాలి. చూపులేనివారికి ఫోను చదివి వినిపించేది కూడా ఆ వాక్యాన్నే.

ఒకే ఊరికి నాలుగు పేర్లు

రెండవ చిక్కు మరింత లోతైనది. వ్రాసినవారి మాట ఒకటి, వెతికేవారి మాట మరొకటి అయినప్పుడు యంత్రం ఇద్దరినీ కలపడానికి ఇబ్బంది పడుతుంది. సరిహద్దులో ఈ తేడా అడుగడుగునా తగులుతుంది.

ఒడిశాలోని గంజాం జిల్లా పట్టణాన్ని తెలుగువారు బరంపురం అంటారు. ఒడియాలో అది బ్రహ్మపుర. ఇంగ్లీషులో వ్రాసి తిరిగి తెలుగులోకి తెచ్చుకున్నవారు బెర్హంపూర్ అంటారు. ఇదిగాక పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లాకు కేంద్రమైన బహరంపూర్ వేరే ఉన్నది. ఇంగ్లీషు వ్రాతలో ఈ రెండూ తరచు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. బరంపురం పట్టుచీరల మీద వ్రాసిన మంచి వ్యాసంలో బరంపురం అన్న మాట తప్ప గంజాం గాని, ఒడిశా గాని, బ్రహ్మపుర గాని లేకపోతే, తాతలు అక్కడివారని మాత్రమే తెలిసి నేడు ముంబయిలో పెరిగిన పిల్లవానికి అది దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. కోరాపుట్ జిల్లా జయపురం పరిస్థితి ఇంకా విచిత్రం. దానిని జైపూర్ అని వ్రాసిన మరుక్షణం రాజస్థాన్ రాజధాని నీడ దాని మీద పడుతుంది.

హోసూరు అన్నది కన్నడంలో కొత్త ఊరు అని అర్థమిచ్చే పేరు. కర్ణాటకలో ఆ పేరుగల పల్లెలు అనేకం. అందుచేత తాలూకా, జిల్లా, రాష్ట్రం మూడూ పుటలో ఒకసారైనా ఉండాలి. ఉన్న చిక్కుకు తోడు జిల్లాలు కూడా మారుతూ వచ్చాయి. హోసూరు 2004 వరకు ధర్మపురి జిల్లాలో ఉండేది. ఆ ఏడాది కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. చింతామణి, బాగేపల్లి 2007లో చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడే వరకు కోలారు జిల్లావి. సిరోంచ 1982లో గడ్చిరోలి జిల్లా ఏర్పడక ముందు చంద్రపూర్ జిల్లాది. రాయగడ 1992 వరకు కోరాపుట్‌లో భాగం. పాత దస్తావేజు చేతిలో పట్టుకొని వెతికేవాడు పాత జిల్లా పేరునే టైపు చేస్తాడు. పేర్లు కూడా మారాయి: 2006లో పాండిచ్చేరి పుదుచ్చేరి అయింది, 2011లో ఒరిస్సా ఒడిశా అయింది, 2014 నవంబరులో బెల్లారి ఇంగ్లీషు వ్రాతలో కూడా బళ్ళారి అయింది. యానాం పేరు ఫ్రెంచివారి కాలపు కాగితాలలో వేరే వర్ణక్రమంతో ఉంటుంది. షోలాపూర్, సోలాపూర్ అన్న రెండు రూపాలూ తెలుగువారి వాడుకలోనే ఉన్నాయి.

దీనికి మందు, ఆ పేర్లన్నిటినీ పుట అడుగున వరుసగా గుప్పించడం కాదు. అలా మాటలు కుక్కడాన్ని గూగుల్ మోసపు పద్ధతులలో ఒకటిగా పరిగణిస్తుంది; చదివేవారికీ విసుగే. సహజమైన ఒక వాక్యం చాలు. ‘కృష్ణగిరి జిల్లా, పూర్వపు ధర్మపురి జిల్లా, హోసూరు తాలూకాలోని ఈ పల్లె’ అని మొదటి పేరాలో వ్రాస్తే యంత్రానికి, మనిషికి కూడా సంగతి తెలుస్తుంది. పూర్వపు కవిలెకట్టలలో గ్రామం పేరుకు ముందు సీమ పేరు, నాడు పేరు వ్రాసినవారు శోధన యంత్రాల కోసం వ్రాయలేదు గాని వారి పద్ధతి నేడు అక్షరాలా పనికివస్తున్నది.

ఊళ్ళ పేర్లకు చెప్పినదే వంటకాలకు, పండుగలకు, పనిముట్లకు కూడా వర్తిస్తుంది. రాయలసీమలో రాగి సంగటి, మరికొన్ని చోట్ల రాగి సంకటి, కోలారు, హోసూరు వైపు రాగి ముద్ద. వ్రాసేవారు తమ ఇంటి మాటను వదలరాదు. అది పోతే ఆ టపాకు ప్రాణమే పోతుంది. శీర్షికలో ఇంటి మాట ఉంచి, రెండవ వాక్యంలో ఇతర ప్రాంతాలవారు దీనిని ఏమంటారో చెప్పడం మేలైన పద్ధతి. జనం ఏ మాటతో వెతుకుతున్నారో తెలుసుకోవడానికి కొనవలసిన పరికరం ఏదీ లేదు. గూగుల్ పెట్టెలో మొదటి మాట టైపు చేసి ఆగితే కింద జారే సూచనలే చెబుతాయి.

తెలుగు వ్యాకరణం కూడా ఇందులో కొంత చేయి చేసుకుంటుంది. బరంపురం, బరంపురంలో, బరంపురానికి, బరంపురపు అన్నవి మనిషికి ఒకే మాట. అక్షరాల వరుసగా చూస్తే నాలుగు వేర్వేరు మాటలు. కనుక ముఖ్యమైన పేరు విభక్తి ప్రత్యయం లేని రూపంలో శీర్షికలో ఒకసారి, మొదటి పేరాలో ఒకసారి తప్పక ఉండాలి. కర్ణాటక, కర్నాటక వంటి జంటలలో ఒక్కదానిని ఎంచుకొని అన్ని టపాలలోను దానినే పాటించడం మంచిది.

శీర్షిక, చిరునామా

శోధన ఫలితాలలో మొదట కనిపించేది శీర్షిక. ‘జ్ఞాపకాలు’ అనో, ‘ఒక మధుర స్మృతి’ అనో పేరు పెడితే యంత్రం సంగతి అటుంచి మనిషికే అందులో ఏమున్నదో తెలియదు. ‘పావగడ ప్రాంతపు వేరుశనగ రైతుల నాగలి పాటలు’ అంటే తెలుస్తుంది. కవితాత్మకమైన పేరు మీద మమకారం ఉన్నవారు దానిని లోపలి ఉపశీర్షికగా వాడుకోవచ్చు. ఫలితంలో శీర్షిక కింద కనిపించే రెండు పంక్తుల వివరణను కూడా వ్రాసి పెట్టవచ్చు. బ్లాగరులో సెర్చి డిస్క్రిప్షన్ అనే గడి అందుకే. అమరికలలో దానిని ఒకసారి తెరవాలి. గూగుల్ ప్రతిసారీ ఆ పంక్తులనే చూపుతుందన్న హామీ లేదు, పుటలోని వేరే వాక్యాన్ని తీసుకోవచ్చు. కీవర్డ్స్ ట్యాగు నింపమని నేటికీ సలహా ఇచ్చేవారిని మాత్రం దూరంగా ఉంచవచ్చు. వెబ్ ఫలితాల వరుసకు దానిని తాము లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే ప్రకటించింది.

చిరునామా విషయంలో తెలుగు బ్లాగరులకు ఒక పాత తలనొప్పి ఉన్నది. బ్లాగరులో తెలుగు శీర్షిక పెడితే అది తెలుగు అక్షరాలను వదలివేసి, చిరునామాకు బ్లాగ్-పోస్ట్ అనే మాటను, దాని పక్కన ఒక అంకెను తగిలిస్తుంది. పది టపాల తరువాత ఏ చిరునామా దేనిదో వ్రాసినవారికే తెలియదు. ప్రచురించక ముందే పర్మాలింక్ అనే చోట ఊరు, విషయం తెలిసేలా చిన్న ఇంగ్లీషు అక్షరాలతో చిరునామా ఇచ్చుకోవడం దీనికి విరుగుడు. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు చిరునామా నిలుస్తుంది. అయితే ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటు మూడు గుర్తులుగా మారుతుంది. ‘తెలుగు’ అన్న చిన్నమాటలో ఆరు సంకేతాలుంటాయి. చిరునామాను కాపీ చేసి పంపితే అది 54 గుర్తుల తోకగా కనిపించే అవకాశం ఉన్నది. వాట్సాప్‌లో అటువంటి తోకను చూసి వైరస్ అని తుడిచివేసిన బంధువులు లేని ఇల్లు అరుదు.

ఒక టపా నుండి సొంత బ్లాగులోనే సంబంధించిన మరొక టపాకు లంకె ఇవ్వడం చాలామంది మరచే పని. క్రాలర్ నడిచేది లంకెల మీదనే గనుక ఏ లంకే లేని పాత టపా ఒంటరి అవుతుంది. లంకె మీద ‘ఇక్కడ నొక్కండి’ అని కాక, ‘బరంపురం నేత కుటుంబాల వలస’ అని విషయమే వ్రాయాలి.

రెండు భాషలున్న ఇల్లు

సరిహద్దు కుటుంబాలలో పిల్లలు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుతారు. తెలుగు మాట్లాడగలిగినా లిపి చదవలేనివారు వారిలో ఎందరో. అందుకని ఒకే పుటలో పై పేరా తెలుగు, కింది పేరా కన్నడం చొప్పున కలిపి వ్రాయాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. దాని ఉద్దేశం మంచిదే గాని శోధనకు అది నష్టం. పుట ఏ భాషదో గూగుల్ కనిపించే పాఠాన్ని బట్టి నిర్ణయిస్తుంది; రెండు భాషలు పక్కపక్కన ఉంటే ఆ నిర్ణయం తడబడుతుంది. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పుట వ్రాసి, రెండింటికీ నడుమ స్పష్టమైన లంకె ఇవ్వడం సరైనది. సొంత సైటు ఉన్నవారు హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తుతో ఇది దాని జంట అని యంత్రానికి తెలుపవచ్చు. యంత్రానువాదంతో కన్నడ పుటను తయారు చేసి చూడకుండా పెట్టడం మాత్రం వద్దు. ఇంటి పేర్లు, గోత్రనామాలు, చుట్టరికాల మాటలు అందులో ఏమవుతాయో ఒకసారి చదివినవారికి ఆ కోరిక మళ్ళీ కలగదు.

తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి వెతికేవారు కూడా ఉన్నారు. వారి కోసం పుటంతా ఇంగ్లీషు అక్షరాలలో తిరిగి వ్రాయనక్కరలేదు. ఊరి పేరు, పాట పేరు లేదా వంటకం పేరు ఇంగ్లీషు అక్షరాలలో ఒకసారి ఉంటే సరిపోతుంది.

కొన్న లంకెలు, వచ్చిన లంకెలు

లంకెకు విలువ ఉన్నదని తెలిసిన నాటి నుండి లంకెల వ్యాపారం మొదలైంది. వంద సైట్లలో లంకెలు పెట్టిస్తామని, నెలలో మొదటి పుటకు తెస్తామని ఈమెయిళ్ళు, ఫోనులు వస్తాయి. వీటికి వేలు పోసిన చిన్న దుకాణదారులు, సంఘాలవారు సరిహద్దు పట్టణాలలో కూడా ఉన్నారు. మొదటి స్థానం ఇస్తామని హామీ ఇవ్వగలవారు ఎవరూ లేరు. ఈ మాట గూగుల్ తన మార్గదర్శకాలలో తానే చెబుతున్నది. ఇటువంటి ఎత్తులను దెబ్బతీయడానికి 2012 ఏప్రిలులో పెంగ్విన్ అనే మార్పు వచ్చింది. అంతకు ముందు 2011లో వచ్చిన పాండా, సారం లేని పుటలను గుట్టలుగా పోసే సైట్లను కిందికి నెట్టింది. 2024 మార్చిలో, యంత్రాలతోనైనా మనుషులతోనైనా కేవలం వరుస కోసం కుప్పలుగా పుటలు తయారు చేయడాన్ని నిషేధాల జాబితాలో స్పష్టంగా చేర్చారు. డబ్బిచ్చి కొన్న లంకె చాలాసార్లు లెక్కకే రాదు, కొన్నిసార్లు శిక్ష తెస్తుంది.

నిజమైన లంకెలు నెమ్మదిగా వస్తాయి. ఊరి బడి సైటు, తెలుగు సంఘం పుట, అదే ప్రాంతం మీద వ్రాసే మరొక బ్లాగు, పరిశోధన విద్యార్థి సిద్ధాంత వ్యాసం ఇటువంటి చోట్ల నుండి వచ్చే ఒక్క లంకె కొన్న నూటికన్నా మేలు. అవి రావాలంటే టపాలో మరెక్కడా లేనిది ఏదో ఒకటి ఉండాలి. సినిమా వార్తను ఎక్కడి నుండో తెచ్చి పెట్టే బ్లాగుకు ఎవరూ లంకె ఇవ్వరు. ఫలానా చెరువు కింద ఏ కులాలవారికి ఏ పనివాటాలు ఉండేవో పెద్దలను అడిగి వ్రాసినదానికి ఇస్తారు. ఈ విషయంలో సరిహద్దు వ్రాతగాడు నగర వ్రాతగానికన్నా ధనవంతుడే.

కాలాన్ని ముందుగా చూసుకోవడం కూడా ఒక నేర్పు. సిరోంచ వద్ద 2022 ఏప్రిలులో ప్రాణహిత పుష్కరాలు జరిగాయి. 2027లో గోదావరి పుష్కరాలు. యానాంలో స్నానఘట్టాలు, బస, దారులను గురించిన టపా పుష్కరాల మొదటి రోజున పెడితే సూచికకు ఎక్కి పైకి వచ్చేసరికి యాత్రికులు ఇండ్లకు చేరి ఉంటారు. అది కొన్ని నెలల ముందే ఉండాలి, ఆ తరువాత అదే చిరునామాలో సమాచారం సవరిస్తూ పోవాలి.

తనిఖీ

పుట సూచికకు ఎక్కినదో లేదో చూడడానికి, శోధన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో సైట్ అన్న మాట, దానికి అంటించి రెండు చుక్కల కోలన్, ఆ వెంటనే బ్లాగు చిరునామా టైపు చేయాలి. ఆ బ్లాగు నుండి సూచికకు ఎక్కిన పుటలు కనిపిస్తాయి. ఏదీ కనిపించకపోతే ముందుగా అమరికలు చూడాలి. బ్లాగరులో శోధన యంత్రాలకు కనిపించనివ్వాలా అనే మీట, వర్డ్‌ప్రెస్‌లో శోధన యంత్రాలను నిరుత్సాహపరచు అనే గడి ఉంటాయి. బ్లాగు కట్టే రోజులలో తలుపు మూసి, తెరవడం మరచినవారు తక్కువేమీ కాదు.

గూగుల్ సెర్చి కన్సోల్ అనే ఉచిత సేవలో బ్లాగును నమోదు చేసుకుంటే ఇంకా వివరంగా తెలుస్తుంది. ఏ మాటలతో వెతికినప్పుడు పుట కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నవ స్థానంలో వచ్చింది అన్నవి 16 నెలల వెనుకటి వరకు చూపుతుంది. మరీ కొద్దిమంది వేసిన ప్రశ్నలను గోప్యత కోసం దాచివేస్తుంది గనుక చిన్న బ్లాగువారికి పట్టిక పలచగానే కనిపిస్తుంది; దానికి దిగులుపడనక్కరలేదు. ఏదైనా టపా చాలాసార్లు కనిపించి కూడా ఎవరూ నొక్కలేదంటే దాని శీర్షికను తిరిగి వ్రాసి చూడాలి. సైట్‌మ్యాప్ అనే పుటల జాబితాను అక్కడే సమర్పించవచ్చు. బ్లాగరు, వర్డ్‌ప్రెస్ దానిని తామే తయారు చేస్తాయి.

గూగుల్ ప్రస్తుతం పుటలను ఫోనులో కనిపించే రూపంలోనే చదువుతుంది. 2018లో ఊపందుకున్న ఈ మార్పు 2023లో పూర్తయింది. కనుక కంప్యూటరులో అందంగా ఉండి ఫోనులో అక్షరాలు చీమల్లా కనిపించే పాత టెంప్లేటులను మార్చుకోవాలి. పెద్ద ఫోటోలను చిన్నవి చేసి ఎక్కించాలి. సంకేతం సరిగా అందని పల్లెలో ఒక్కసారి తెరిచి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

ఎంత కాలం, ఎందరు

కొత్త బ్లాగుకు శోధన ద్వారా పాఠకులు రావడానికి నెలలు పడుతుంది. ఆదాయం మీద ఆశ పెట్టుకున్నవారు దానిని ఇంకా తగ్గించుకోవాలి. గూగుల్ ప్రకటనల సేవ తెలుగు పుటలను అంగీకరించడం 2018లోనే మొదలైనా, సరిహద్దు పల్లె చరిత్ర చదవడానికి వచ్చే కొద్దిపాటి జనంతో ఇల్లు గడవదు. ఇటీవల శోధన యంత్రాలు ఫలితాల పైన కృత్రిమ మేధతో తయారు చేసిన సంగ్రహాన్ని చూపుతున్నాయి. భారతదేశంలో గూగుల్ దీనిని 2024లో ఇంగ్లీషు, హిందీలతో ప్రారంభించింది. సంగ్రహం చదివి తృప్తిపడినవారు పుటకు రారు, ఆ నష్టం నిజమే. అయితే ఆ సంగ్రహం కూడా ఎక్కడో ఎవరో వ్రాసినదాని నుండే రావాలి. హోసూరు పెండ్లి పాట గురించి చదవదగిన అక్షరాలలో ఎవరూ వ్రాయకపోతే యంత్రం మౌనంగా ఉండవచ్చు, లేదా వేరే ప్రాంతపు ఆచారాన్ని ఇదేనని చెప్పవచ్చు. రెండవది మొదటిదానికన్నా ప్రమాదం.

పేరుకున్న పాఠకులను పోగొట్టుకోవడం మాత్రం ఒక్కరోజు పని. ఉచిత చిరునామా నుండి సొంత డొమైనుకు మారేటప్పుడు పాత చిరునామా నుండి కొత్తదానికి శాశ్వత మళ్ళింపు పెట్టి, కనీసం ఒక ఏడాది ఉంచమని గూగుల్ సూచన. వీలైతే తీయకుండానే ఉంచాలి. డొమైను రుసుము ఏటేటా కట్టాలి, ఆ గుర్తు ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి. వ్రాసినవారు కాలం చేసిన తరువాత రహస్యపదం ఎవరికీ తెలియక ఆగిపోయిన బ్లాగులు తెలుగులో చాలా ఉన్నాయి. ఉచిత సేవలు కూడా శాశ్వతం కావు. యాహూ వారి జియోసిటీస్ 2009లో మూతపడింది, గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది. బ్లాగరులో అమరికల కింద బ్యాకప్ తీసుకునే ఏర్పాటు ఉన్నది. ఆరు నెలలకు ఒకసారి దానిని దించుకొని, ఫోటోల మూలప్రతులతో కలిపి ఇంటి పెన్‌డ్రైవులో ఒకటి, పొరుగూరి బంధువుల ఇంట మరొకటి ఉంచుకోవచ్చు.